సిఫారసు చేశారు సరే, మనిషి బయటికొచ్చాడా?

మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. 2022 జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో విచారణ ఖైదీలు 75 శాతం పైనే. వీళ్లలో విడుదలకు అర్హత ఉండీ లోపలే ఉండిపోయినవాళ్లను ఏరి చూడటానికి ప్రతి జిల్లాలో ఒక సమీక్షా కమిటీ ఉండాలని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించింది. జిల్లా జడ్జి అధ్యక్షత వహిస్తారు. కలెక్టరు, ఎస్పీ, పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంటు సభ్యులు. తెలంగాణలో ఈ కమిటీల వల్ల నిజంగా ఎంత ఫలితం ఉందన్నదే నా పీహెచ్‌డీ అంశం. నేను చూసిన రెండు జిల్లాల పేర్లు రాయను, అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతుల్లో అదొకటి.

ముందు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ దాటాలి. అక్కడ నన్ను గట్టిగా నిలదీసిన ప్రశ్న ఒకటుంది: జైల్లో ఉన్న మనిషి మీకు "మాట్లాడను" అని చెప్పగలడా? చాలా న్యాయమైన ప్రశ్న. అందుకే సమ్మతి పత్రాన్ని తెలుగులో చదివి వినిపించడం, మాటలు వినపడనంత దూరంలో సిబ్బంది ఉండటం, కేసు గురించి ఏమీ అడగకపోవడం అనే మూడింటిని రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే సంతకం అయింది. ఆ తర్వాత జైళ్లవాళ్ల అనుమతి, న్యాయ సేవల వాళ్ల అనుమతి విడివిడిగా తీసుకోవాలి. మధ్యలో ఒక ఆఫీసులో నా ఫైలు కదల్లేదు. టెన్షన్ పడుతూ తిరిగాను. చివరికి అక్కడి సెక్షన్ ఆఫీసరే చెప్పారు: "మేడమ్, డేటా కావాలి అంటే ఎవరు ఇస్తారు? ఏ గడిలో ఏం కావాలో చూపించండి." పేర్లు లేకుండా ఖాళీ టేబుల్ ఒకటి గీసి దరఖాస్తుకు జత చేశాను. ఫైలు కదిలింది. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే.

అసలు కష్టం రికార్డులు చేతికొచ్చాక మొదలైంది. త్రైమాసిక నివేదికల్లో మీటింగులు ఎన్ని, సిఫారసులు ఎన్ని, విడుదలలు ఎన్ని అనే అంకెలు ఉంటాయి. వాటిని కూడితే పని బ్రహ్మాండంగా జరుగుతున్నట్టే కనిపిస్తుంది. నేను అంకెలు పక్కనపెట్టి, ఒక్కో ఖైదీకి నాలుగు తేదీలు వెతికాను: అర్హత వచ్చిన రోజు, కమిటీ సిఫారసు చేసిన రోజు, కోర్టు ఆర్డరు ఇచ్చిన రోజు, జైలు గేటు దాటిన రోజు. చివరి తేదీ ఏ నివేదికలోనూ లేదు, జైలు రిజిస్టర్లలో వెతుక్కోవాల్సిందే. ఒక కేసులో బెయిల్ వచ్చినా, ఇంకో జిల్లా నుంచి పీటీ వారెంటు (జైల్లో ఉన్న మనిషిని మరో కేసులో తమ కోర్టుకు తెమ్మనే ఉత్తర్వు) ఉంటే మనిషి లోపలే ఉంటాడు. నివేదికలో మాత్రం విడుదల అయినట్టే లెక్క.

ఈలోగా చట్టమే మారింది. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 436ఏ సెక్షన్ ప్రకారం, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపితే అర్హత. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 479 ప్రకారం, అంతకుముందు శిక్ష పడనివాళ్లకు మూడో వంతు చాలు. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్హత తేదీలన్నీ మళ్లీ లెక్కగట్టాను. అలసట అనిపించలేదు, ఎందుకంటే ఆ లెక్కలో అర్హత తేదీ ఇంకా ముందే వచ్చిన ప్రతి వరుసా ఒక మనిషిది.

ఇంకో చిక్కు ఉంది. కమిటీ లేకపోయినా వీళ్లలో కొందరికి బెయిల్ వచ్చేదే కదా? ఆ ఘనత కమిటీకి ఎలా ఇస్తాం? అందుకని విడుదలల సంఖ్యను వదిలేసి, అర్హత వచ్చాక మనిషి లోపల గడిపిన రోజులనే కొలతగా పెట్టుకున్నాను. రెండు జిల్లాల్లోనూ మీటింగులు టైముకే జరిగాయి. సిఫారసు దాకా పెద్ద తేడా లేదు. ఆర్డరుకీ గేటుకీ మధ్యే ఒక జిల్లా బాగా వెనకబడింది.

కారణం ములాఖత్ గదిలో తెలిసింది. "బెయిల్ వచ్చిందమ్మా, జామీను ఇచ్చేవాళ్లే లేరు" అన్నారు, ఒకరి తర్వాత ఒకరు. వేరే రాష్ట్రం నుంచి పనికోసం వచ్చినవాళ్లకు ఇక్కడ ష్యూరిటీ ఎవరు నిలబడతారు? బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలనీ, నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టే పరిశీలించవచ్చనీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకంలో మొదట విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా సాయం పెట్టారు. మెరుగ్గా ఉన్న జిల్లాలో పారాలీగల్ వాలంటీరు (న్యాయ సేవల సంస్థ తరఫున పనిచేసే, లాయరు కాని కార్యకర్త) ఒకరు ఆ ఏడు రోజుల లెక్క నోటుబుక్‌లో రాసుకుని, గడువు దాటిన పేర్లను ప్రతివారం కార్యదర్శికి అందిస్తున్నారు. ఆ మనిషి పని మీద నాకున్న గౌరవం థీసిస్‌లో రాయడానికి వీల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రిపోర్టు రెండు జిల్లాలకూ ఇచ్చాను. త్రైమాసిక నమూనాలో "గేటు దాటిన తేదీ" అని ఒక గడి చేర్చమన్నాను. ఒక జిల్లాలో చేర్చుకున్నారు. రెండో జిల్లా జవాబు ఇంకా రాలేదు, వచ్చే మీటింగు ముందు మళ్లీ వెళ్లి అడుగుతాను.