ఉల్లి వేరు కొనలో చలన దశ దొరికింది

ఇవాళ మధ్యాహ్నం చలన దశలో, అంటే కణ విభజనలో క్రోమోజోములు విడిపోయి చెరో వైపు వెళ్లే దశలో, ఉన్న కణాన్ని నా కళ్లతో చూశాను. నేను చేసిన స్లయిడు మీద, నేను నొక్కిన వేరు కొనలో. వేళ్లకు అంటిన ఎసిటోకార్మైన్ అనే ఎర్ర రంగు మరక ఇంకా పోలేదు.

మొదటి పనులు సులువుగానే అయ్యాయి. ఉల్లిపాయ ఎండు వేళ్లు గీకేసి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా నిలబెట్టాను. నాలుగో రోజుకు రెండు సెంటీమీటర్ల వేళ్లు వచ్చాయి. ఉదయాన్నే కోసి, ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో ఒక రోజంతా ఉంచాను.

స్లయిడు దగ్గరే నా ప్రాణం విసిగిపోయింది. వరుసగా మూడు స్లయిడ్లు చేశాను. మూడింటిలోనూ పొడవాటి ఇటుకల్లాంటి కణాలు, వాటిలో ఒక్కో గుండ్రటి కేంద్రకం, అంతే. విడిగా ఒక్క క్రోమోజోము కూడా లేదు. ఒకచోట నల్లటి అంచుతో ఏదో కనిపిస్తే మా ప్రయోగశాల బోధకుణ్ణి పిలిచాను. ఆయన ఒక్క క్షణం చూసి, అందరికీ వినబడేలా, "గాలి బుడగలకు క్రోమోజోములని పేరు పెడుతున్నావా?" అన్నారు. అల్మారాలోని పాత స్లయిడు తెచ్చి, "దీన్ని చూసి బొమ్మ వేసుకో" అని వెళ్లిపోయారు. తప్పెక్కడ జరిగిందో చెప్పడానికి ఆయనకు ఒక నిమిషం చాలు. ఆ నిమిషం ఇవ్వకపోవడం నన్ను బాధించింది. ఆ పాత స్లయిడును నేను ముట్టుకోలేదు.

తప్పు ఎక్కడుందో రాత్రి కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. నేను సెంటీమీటరు పొడవు ముక్కను స్లయిడు మీద పెట్టాను. కణాలు విభజన చెందేది కొన దగ్గర, ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే. దానికి పైనున్నవి సాగి పొడవయ్యే కణాలు. వాటిలో ఎంత వెతికినా విభజన కనిపించదు. రంగు వేశాక వేరులో అన్నిటికన్నా ముదురుగా కనిపించే చివరే కొన, ఎందుకంటే అక్కడ కణాలు చిన్నవి, కేంద్రకాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ ముదురు భాగం ఉంచుకుని మిగతాది పారేయాలి. ఇంత ముఖ్యమైన మాట మా ప్రయోగ పుస్తకంలో లేదు.

పుస్తకాల మీద నాకు ఇంకో కోపం కూడా ఉంది. కణ విభజనలోని ప్రథమ, మధ్యస్థ, చలన, అంత్య దశలకు నాలుగు సమానమైన బొమ్మలు వేస్తారు. ఒక విభజనకూ మరో విభజనకూ మధ్య ఉండే అంతర దశకు ఒక మూల చిన్న బొమ్మ. కాలం లెక్క దీనికి పూర్తిగా విరుద్ధం. 24 గంటల్లో చక్రం పూర్తిచేసే మానవ కణంలో విభజనకు పట్టేది సుమారు ఒక గంట. మిగతా సమయమంతా అంతర దశదే. దాన్ని విశ్రాంతి దశ అనడం అన్యాయం, కణం తన డీఎన్ఏను రెండింతలు చేసుకునేది అప్పుడే.

ఇవాళ కొనను మాత్రమే తీసుకుని, ఆమ్లంలో మెత్తబరిచి, రంగు వేసి, కవర్ స్లిప్ మీద అద్దుడు కాగితం పరచి బొటనవేలితో నిటారుగా నొక్కాను. పక్కకు జరిగితే కణాలు నలిగిపోతాయి, జాగ్రత్త.

300 కణాలు లెక్కపెట్టాను. విభజనలో ఉన్నవి 27. వాటిలో ప్రథమ దశవి 16, చలన దశవి రెండే. మొదట వేళ్లను ఉంచిన ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాల్ ద్రావణం ప్రతి కణాన్నీ ఉన్నచోటే ఆపేస్తుంది కాబట్టి, ఎక్కువసేపు సాగే దశ ఎక్కువ కణాల్లో దొరుకుతుంది. ఒక్క క్రోమోజోము, వాటిని చెరో వైపు లాగే కండె పోగులకు సరిగా అతుక్కోకపోయినా కణం మధ్యస్థ దశలోనే ఆగుతుంది. అన్నీ అతుక్కున్నాక విడిపోవడం మాత్రం చకచకా జరిగిపోతుంది. చలన దశ అంత అరుదుగా దొరకడానికి కారణం అదే.

ఆ రెండింటిలో ఒకటి ఎంత బాగుందో! రెండు గుంపులు చెరో వైపు వెళ్తున్నాయి, పోగులు అతుక్కునే చోటైన సెంట్రోమియర్ ముందు, క్రోమోజోము భుజాలు వెనక వేలాడుతూ. పక్కనే బాగా పరుచుకున్న మధ్యస్థ దశ కణంలో క్రోమోజోములు మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ 16 వచ్చాయి. మా తరగతిలో ఆ లెక్క తేల్చింది నేనొక్కడినే.

బోధకుణ్ణి మళ్లీ పిలిచాను. ఈసారి ఆయన చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు, పక్క బల్ల వాళ్లను వచ్చి చూడమన్నారు. 70 శాతం ఆల్కహాల్‌లో ఇంకా నాలుగు కొనలున్నాయి. రేపు అంత్య దశలో, రెండు కొత్త కణాల మధ్య గోడకు మొదలైన కణఫలకం కోసం వెతుకుతాను.