తోతాపురి సీజన్‌లో ప్రైమరీని దించిన అనుభవం

జూన్, జులై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల ఏ గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లినా గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీలో కాటా సాఫ్ట్‌వేర్ చూసేది నేనే. లోడు బరువు, ఖాళీ బండి బరువు, రైతు పేరు అన్నీ మోంగోడీబీ అనే డేటాబేస్‌లో పడతాయి. సర్వర్లు మూడు. కొత్త ఎంట్రీలన్నీ ప్రైమరీకే వెళ్తాయి, మిగిలిన రెండూ సెకండరీలు, ప్రైమరీ ఆప్‌లాగ్ (రాతల చిట్టా) చదువుకుంటూ వెనకే వస్తుంటాయి.

ప్రైమరీ మెషీన్‌లో డిస్క్ మార్చక తప్పలేదు. ఉన్నట్టుండి కరెంటు తీసేస్తే, ప్రైమరీ పోయిందని మిగతా రెండూ గుర్తించడానికే మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లు పడుతుంది. కొత్త ప్రైమరీ కోసం వాటి మధ్య ఎన్నిక ఆ తర్వాతే. ప్రైమరీని దిగిపొమ్మనే స్టెప్‌డౌన్ కమాండ్ ఇస్తే పద్ధతి వేరు. ప్రైమరీ కొత్త రాతలు ఆపి, ఏదో ఒక సెకండరీ తనను అందుకునేదాకా 10 సెకన్ల వరకు చూస్తుంది. అందుకుంటేనే దిగుతుంది. అందుకోకపోతే ఎర్రర్ ఇచ్చి కుర్చీలోనే ఉంటుంది. దిగితే మాత్రం 60 సెకన్ల దాకా మళ్లీ పోటీ చేయదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది పాత కోడ్. ప్రైమరీ ఒక్కటి రాసుకుంటే చాలు, చీటీ ప్రింటయ్యేలా ఎవరో ఎప్పుడో పెట్టారు. ఆ ఎంట్రీ సెకండరీకి చేరకముందే ప్రైమరీ పడిపోతే, అది తిరిగొచ్చాక ఆ రికార్డు వెనక్కి తీసేసి రోల్‌బ్యాక్ ఫోల్డర్‌లో పడేస్తుంది. రైతు చేతిలో చీటీ ఉంటుంది, మన లెక్కలో ఉండదు. టన్నుల కాయకు డబ్బు రావాల్సిన మనిషికి అంతకన్నా అన్యాయం ఏముంటుంది? అందుకే ముందుగా మెజారిటీకి మార్చాను. మూడింటిలో రెండు సర్వర్లు ఒప్పుకున్నాకే చీటీ.

కాటా దగ్గర పెద్దాయన అడిగాడు: "సామీ, మధ్యలో ఆగితే ఒకే బండికి రెండు ఎంట్రీలు పడవు కదా?"

"పడవన్నా."

మా సాఫ్ట్‌వేర్‌ను డేటాబేస్‌తో కలిపే డ్రైవర్‌లో రీట్రై (ఆగిన రాతను మళ్లీ పంపడం) ఆన్‌లో ఉంది. ఒక్కో రాతకూ ఒక నంబరు ఉంటుంది కాబట్టి అదే రాత మళ్లీ వస్తే సర్వర్ గుర్తుపడుతుంది. కాకపోతే మళ్లీ ప్రయత్నించేది ఒక్కసారే. ఒకే దెబ్బకు చాలా రికార్డులు మార్చే అప్‌డేట్‌లకు ఆ సాయం కూడా లేదు. అందుకే రోజు మొత్తాల లెక్క ఆ గంటలో నడవకుండా ఆపాను.

తెల్లవారుజామున, సెకండరీల వెనకబాటు దాదాపు సున్నా ఉన్నప్పుడు కమాండ్ ఇచ్చాను. స్క్రీన్ కాసేపు ఆగింది. లాగ్‌లో 'ప్రైమరీ స్టెప్డ్ డౌన్' అనే 189 నంబరు ఎర్రర్ కనిపించింది, ఆ వెంటనే రెండో సర్వర్ ప్రైమరీ అయింది. కాటా మీదున్న బండి చీటీ ఒక్కటే వచ్చింది, ఎంట్రీ కూడా ఒక్కటే.

డిస్క్ మార్చాక పాత మెషీన్‌ను తిరిగి కలిపే ముందు, ప్రైమరీ అయ్యేందుకు ఏ సర్వర్‌కు ముందు అవకాశమో చెప్పే ప్రయారిటీలు చూశాను. దానికి ఎక్కువ ప్రయారిటీ ఉండింది. అలాగే వదిలితే డేటా అందుకోగానే తనే మళ్లీ ఎన్నిక పెట్టి పైకొస్తుంది, అదీ పగటిపూట రద్దీలో. మూడింటికీ సమానం చేసి కలిపాను.