వెనక్కి రాని గీత

ఐస్ షీట్ మోడలింగ్‌లోకి, అంటే ఖండాన్ని కప్పిన మంచు పలక కదలికను కంప్యూటర్‌లో లెక్కకట్టే పనిలోకి, వచ్చిన కొత్తలో నా ధ్యాసంతా మంచు ఎంత కురుస్తుంది, ఎంత కరుగుతుంది అన్న లెక్కల మీదే. చివరికి నాలుగు నెలలు తినేసింది మాత్రం ఒక్క గీత. నేలకు ఆనిన మంచు సముద్రం మీద తేలడం మొదలయ్యే చోటు అది. గ్రౌండింగ్ లైన్ అంటాం.

అంటార్కిటికాలోని థ్వైట్స్ హిమానీనదం జోలికి వెళ్లేముందు మోడల్‌ను మిస్‌మిప్ అనే పరీక్షకు పెట్టాను. సముద్రం వైపు ఏకవాలుగా దిగే నేల, దాని మీద మంచు. మంచును గట్టిపరిస్తే గీత సముద్రం వైపు జరుగుతుంది. తిరిగి మెత్తబరిస్తే బయల్దేరిన చోటికే రావాలి. అలాంటి వాలు మీద గీత నిలిచే చోటు ఒక్కటేనని 2007లో హిమానీనద శాస్త్రవేత్త క్రిస్టియన్ షూఫ్ గణితంతో చూపించారు. నా గీత ముందుకు బాగానే వెళ్లింది, వెనక్కి మాత్రం రాలేదు. దారిలోనే ఆగిపోయింది.

కోడ్‌లో తప్పుందనుకుని వారాల తరబడి వెతికాను. ఒత్తిడికి మంచు ఎంత వేగంగా సాగుతుందో చెప్పే గ్లెన్ సూత్రంలో ఘాతం 3 సరిగ్గానే ఉంది, రాపిడి సమీకరణమూ సరే. మోడల్ మంచును గళ్ల వలలా (గ్రిడ్) గడులుగా విడగొట్టి లెక్కకడుతుంది. ఒక రాత్రి గీత పక్కనున్న రెండు గడుల అంకెలు మాత్రమే ప్రింట్ చేసి చూశాను. అక్కడ నేల సముద్రమట్టానికి 600 మీటర్ల లోతున ఉంది. మంచు మందం సుమారు 670 మీటర్ల కన్నా తగ్గితేనే తేలుతుంది. నా గడిలో మందం 690 దగ్గరే ఆగిపోయింది.

గడి వెడల్పు 10 కిలోమీటర్లు. నేలకు ఆని ఉంటే గడి మొత్తానికి రాపిడి, తేలితే సున్నా. నిజానికి ఆ గీత దగ్గర మంచు కొద్ది కిలోమీటర్లలోనే బాగా పలచబడుతుంది, వేగం పుంజుకుంటుంది. ఆ మార్పంతా నా ఒక్క గడిలోనే మునిగిపోయింది.

గడిని 5, 2, 1 కిలోమీటర్లకు తగ్గిస్తూ వెళ్లాను. తగ్గించిన ప్రతిసారీ గీత ఇంకాస్త వెనక్కి వచ్చింది. 500 మీటర్ల దగ్గర దాదాపు మొదటి చోటికే చేరింది. ఆ గ్రాఫ్ చూసి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

రెండు దిశల్లో గడిని సగం చేస్తే గడులు నాలుగు రెట్లు, కాలపు అడుగు (మోడల్ ఒక్కోసారి ముందుకు జరిగే కాలం) కూడా సగం, మొత్తం పని ఎనిమిది రెట్లు. అందుకే గీత చుట్టూ మాత్రమే సన్నని గడులు పెట్టి, గీతతో పాటే అవి జరిగేలా రాసుకున్నాను.

థ్వైట్స్ కింద నేల లోపలికి పోయేకొద్దీ లోతవుతుంది. గీత ఒకసారి వెనక్కి కదిలితే మరింత మందపాటి మంచు సముద్రంలోకి పారుతుంది. అక్కడ పెద్ద గడుల ముతక గ్రిడ్ గీతను పట్టి ఉంచితే, హిమానీనదం నిలకడగా ఉందని మోడల్ అబద్ధం చెబుతుంది. ఇప్పుడు ఎవరి ఫలితాలు చూసినా నేను మొదట అడిగేది గీత దగ్గర గడి వెడల్పు ఎంత అనే.