నేరేడు గింజ చుక్కలు, మెట్‌ఫార్మిన్ మాత్ర

చెన్నై టి.నగర్‌లో పరీక్ష చేయించినప్పుడు నాకు పరగడుపు షుగరు 212, హెచ్‌బీఏ1సీ (ఎర్ర రక్తకణాలకు అంటిన చక్కెరను బట్టి గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 9.4. అప్పటికే నోరు పిడచకట్టుకుపోవడం, రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేవడం, ఊరికే బరువు తగ్గడం ఉన్నాయి. డాక్టరు మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రెండు పూటలా రాశారు. ఖాళీ కడుపుతో వేసుకుంటే కొందరికి వికారం, విరేచనాలు పట్టుకుంటాయి. అన్నం తిన్న వెంటనే వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. అప్పటికీ పడకపోతే నిదానంగా కరిగే ఎస్ఆర్ రకం అడగండి.

మా వదినగారికి హోమియో మీద గురి. ఆవిడ తీసుకెళ్లిన హోమియో డాక్టరు మొదట అన్నమాట, "ఆ మాత్రలు మాత్రం ఆపకండి బాబూ." ఈ మాట అనని వైద్యుడి దగ్గర షుగరు రోగి ఉండకూడదు. ఇన్సులిన్ మీద ఉన్న టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం షుగరు) వాళ్లు అది మానేస్తే రోజుల్లోనే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికొస్తుంది.

ఆయన ఇచ్చింది సిజీజియం జాంబోలానం మదర్ టింక్చర్, అంటే మన నేరేడు గింజల సారం. గోధుమరంగు, ఆల్కహాలు ఘాటు. పది చుక్కలు పావు గ్లాసు నీళ్లలో, తిండికి ముందు రెండు పూటలా. ఇందులో గింజ పదార్థం నిజంగానే ఉంటుంది. అదే మందు 30 పొటెన్సీ అంటే సంగతి వేరు: ఒక వంతుకు తొంభైతొమ్మిది వంతుల ద్రావకం చొప్పున ముప్పై సార్లు పలుచన చేసింది. పన్నెండోసారి దాటాక అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. గోలీల్లోని చక్కెర గురించి కొందరు భయపడతారు గానీ, నాలుగు చిన్న గోలీల్లో ఉండేది గ్రాములో కొద్ది భాగమే.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.1కి దిగింది. ఇంట్లో అందరూ చుక్కలకే దండం పెట్టారు. కానీ ఆ మూడు నెలల్లోనే మాత్ర మొదలైంది, రాత్రి అన్నం పోయి రెండు పెసరట్లు వచ్చాయి, పానగల్ పార్కు చుట్టూ రోజూ నడక వచ్చింది. దేని ఫలితమో తేలాలంటే ఒక్కటే మార్చి, తక్కినవి అలాగే ఉంచాలి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి మూడు నెలలైనా ఆగాలి. ఇద్దరు డాక్టర్లకూ చెప్పి చుక్కలు మాత్రమే ఆపాను. తర్వాతి పరీక్షలో 7.0. ఒక మనిషి లెక్క రుజువు కాదు. అయితే ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలను పరిశీలించి, ఏ జబ్బుకైనా హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

అరికాళ్ల మంటల దగ్గర మాత్రం మరీ జాగ్రత్తగా ఉండాలి. షుగరు వాళ్లు దీనికోసం కూడా హోమియోకు వెళ్తుంటారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరి శరీరానికి బి12 విటమిన్ సరిగా అందదు. శాకాహారులకు లోటు ఇంకా ఎక్కువ. ఆ లోటు వల్ల వచ్చే తిమ్మిర్లూ మంటలూ అచ్చం షుగరు నరాల జబ్బులాగే ఉంటాయి. గోలీలతో నెలలు గడిపేస్తే నరం దెబ్బతింటూనే ఉంటుంది. ముందు రక్తంలో బి12 చూపించండి. లోటుంటే దానికి ఇంజెక్షనో మాత్రో ఉంది. కాలి స్పర్శ పరీక్ష, కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను పరీక్ష ఏడాదికోసారి తప్పనిసరి.

ఇంట్లో గ్లూకోమీటరు వాడేవాళ్లు చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. మే నెలలో బంగినపల్లి కోసిన వేలితోనే చుక్క తీస్తే, తొక్కు రసంలోని చక్కెర కలిసి అంకె ఎగబాకుతుంది. సూది వేలి కొస మీద కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ.

షుగరును మరీ కిందికి దించగల గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వాడుతూ చెమటలు, వణుకు వస్తే వెంటనే గ్లూకోమీటరుతో షుగరు చూసుకోండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. తెలివి తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకండి, ఆంబులెన్సు పిలవండి.

షుగరు పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనలు 1954 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. పేరు రాయని పొట్లాలు అస్సలు తీసుకోవద్దు. మూలికల మందులని అమ్మిన వాటిలో అల్లోపతి షుగరు మందులే కలిపి ఉన్నట్టు పలు దేశాల్లో బయటపడింది. మోతాదు తెలియకుండా అది మన మాత్రకు తోడైతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది.