బీపీ చూసే ముందు అయిదు నిమిషాలు

పోయిన వారం కొత్తపట్నంలో ఆశా కార్యకర్తలకి, ఏఎన్‌ఎమ్‌లకి ట్రైనింగ్ ఇచ్చాను. గుండెజబ్బు ఎవరికి వచ్చేలా ఉందో ముందే లెక్కగట్టడం నా పని. ఈ లెక్కలకి పెద్ద పునాది 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 5,209 మందితో మొదలైన పరిశీలన, కాకపోతే అక్కడి లెక్క ఒంగోలు వాళ్లకి అచ్చంగా సరిపోదు కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రాంతాలవారీగా చార్టులు సవరించింది. అందులో రక్తపరీక్ష అక్కర్లేనిది ఒకటుంది, వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు, పై బీపీ, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) తెలిస్తే చాలు, పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంతో రంగుల్లో కనిపిస్తుంది. నన్నడిగితే పల్లెల్లో పనికొచ్చేది ఇదే.

కానీ బీపీయే తప్పు చూస్తే చార్టు ఏం చేస్తుంది? ఎండలో నడిచొచ్చిన ఓ తాత కూర్చున్నాడో లేదో, ఒకమ్మాయి పట్టీ కట్టేసి కబుర్లు కూడా మొదలెట్టింది. పై బీపీ 158. "మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చో తాతా" అని, వీపు కుర్చీకి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టించి చూస్తే 142. (ఆయన్ని ఆ అయిదు నిమిషాలు ఊరుకోబెట్టడానికి నాకు బీపీ పెరిగింది.)

ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే అనగానే ఒకావిడ "మరి ఎండుచేపలు మేడమ్?" అంది. సముద్రం ఒడ్డున నిలబడి మానెయ్యమనడానికి నోరు రాలేదు. నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, కూరలో మళ్లీ ఉప్పు వెయ్యకండి, ఆ పూటకి ఆవకాయ వద్దు అన్నాను. ఆవకాయ దగ్గర గొడవైంది.