గుడ్లు పెట్టిన రోగి: ఓఈటీ గట్టెక్కిన నా అనుభవం

ఓఈటీ అంటే విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లలాంటి వాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష. నిన్న దాని ఫలితం వచ్చింది. రాతలో 320. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే వినడం, చదవడం, మాట్లాడటంలో 350 చొప్పున, రాతలో 300 రావాలి. పోయినసారి మిగతా మూడూ దాటి, రాతలో 290 దగ్గర కూలబడ్డాను. ఆ ఉడుకు చల్లారకముందే ఇది రాస్తున్నాను.

దరఖాస్తుకు ఒక పూట పట్టింది. ఫీజు కోసం చీటీ పాడాను. వినడం, చదవడం సాధన చేస్తే వచ్చేస్తాయి. మాట్లాడే పరీక్షలో ఎదుటి మనిషి రోగిలా నటిస్తే మనం నర్సులా మాట్లాడాలి. శ్రీకాకుళంలో పదకొండేళ్ళుగా అసలు రోగులతోనే వేగుతున్నాను, నటించే రోగి నాకొక లెక్కా?

నన్ను ఏడిపించింది రాత పరీక్షలో రాయాల్సిన ఉత్తరం. రోగి వివరాలు ఇస్తారు. చదువుకోవడానికి అయిదు నిమిషాలు, రాయడానికి నలభై. 180 నుంచి 200 మాటల్లో ఇంకో డాక్టరుకో నర్సుకో ఆ రోగిని అప్పగిస్తూ రాయాలి. దానికోసం సెలవు దొరికినప్పుడల్లా ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్ళేదాన్ని. అక్కడి శిక్షణ కేంద్రం పేరు చెప్పను.

రోగి మంచం మీద పడుకుని ఉన్నాడని రాయబోయి ఒకరోజు 'లేయింగ్' అని రాశాను. మాస్టారు నా కాగితం పైకెత్తి అందరికీ చదివి వినిపించారు. "ఏమ్మా, మీ ఆసుపత్రిలో రోగులు గుడ్లు పెడతారా?" అన్నారు. నాకంటే పదేళ్ళు చిన్న పిల్లలు ముప్పైమంది పగలబడి నవ్వారు. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి మాత్రం నవ్వకుండా తల దించుకుంది, అదింకా అవమానం. ఎందుకు తప్పో ఆయన చెప్పలేదు. బోర్డు మీద 'లై, లే, లెయిన్' అని ఒక వరస, 'లే, లెయిడ్, లెయిడ్' అని ఇంకో వరస రాసి, బట్టీ పట్టమన్నారు.

పట్టాను. తిరుగు రైల్లో నెల్లిమర్ల దగ్గర మొదలుపెడితే చీపురుపల్లికి మొదటి వరస, పొందూరుకి రెండోది వచ్చేవి. ఆమదాలవలసలో దిగేసరికి రెండూ కలిసిపోయేవి. మొదటిసారి పరీక్షకు ఆ గందరగోళంతోనే వెళ్ళాను.

తరవాత ఒక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పుస్తకం ముందు కునికిపాట్లు పడుతుంటే అమ్మ విసుక్కుంది. "ఆ పిల్లాణ్ణి పడుకోబెట్టి నువ్వూ పడుకోవే."

పుస్తకం మూసేశాను. పడుకోవడం 'లై'. పడుకోబెట్టడం 'లే'. ఒకటి మనిషి తనంతట తాను చేసేది, రెండోది ఇంకొకరిని చేయించేది. పడుకోబెట్టడంలో ఉన్నదీ పెట్టడమే, కోడి గుడ్డు పెట్టడమూ పెట్టడమే, రెండింటికీ ఇంగ్లీషులో 'లే'. మాస్టారి వెక్కిరింతలోనే జవాబు ఉంది, పాపం ఆయనకే తెలియలేదు! ఆ ఊపులో ఇంకా వెతికాను. లేవడం 'రైజ్', లేపడం 'రెయిజ్'. అందుకే జ్వరం పెరిగితే మొదటిది, మంచం తలవైపు మనం పైకి లేపితే రెండోది. పడటం 'ఫాల్', చెట్టును నరికి పడగొట్టడం 'ఫెల్'. మనం కావాలంటే ఇలాంటి జంటలు ఎన్నయినా పుట్టిస్తాం. ఇంగ్లీషులో పాతకాలపువి ఏవో కొన్ని మిగిలాయి, వాటితోనే మన ప్రాణం తీస్తున్నారు.

ఒక్క మెలిక మాత్రం తప్పదు. 'లై'కి భూతకాలం మళ్ళీ 'లే'నే. నిన్న రోగి పడుకున్నాడని రాయాలన్నా 'లే' అనే రాయాలి. తెలుగులో 'లే' అంటే ఎవరైనా లేచి కూర్చుంటారు, ఇంగ్లీషులో ఆ మాటకే మనిషి పడుకున్నాడు. ఇలా నవ్వుకున్నాక మరిచిపోలేదు.

అన్ని జంటలకూ అమ్మ మాట పనికిరాదు. రోగి మందులు చెప్పినట్టే వేసుకుంటున్నాడనడానికి 'కంప్లయంట్' రాయబోయి 'కంప్లెయింట్' రాసేదాన్ని, అంటే ఫిర్యాదు. రెండు అక్షరాలు అటూఇటూ అంతే. 'డిస్ఫేజియా', 'డిస్ఫేసియా' అయితే భయం వేస్తుంది. మొదటిది మింగలేకపోవడం, రెండోది మాట రాకపోవడం. పక్షవాతం వచ్చిన మనిషిలో రెండూ ఉండవచ్చు. మొదటిదానికి బదులు రెండోది రాస్తే, అవతలి నర్సు నిశ్చింతగా గ్లాసుతో నీళ్ళు పడుతుంది, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మాస్టారు దీని మీద జోకు వేయలేదు, ఎందుకంటే ఈ పాఠం చెప్పనే లేదు. ఆయన అమ్మే స్పైరల్ పుస్తకం కొనకండి. నేను కొన్నాను, అందులోనే సలహా అనే 'అడ్వైస్', సలహా ఇవ్వడమనే 'అడ్వైజ్' తారుమారయ్యాయి.

పొద్దున ఆయనే ఫోను చేశారు. "మన విద్యార్థినివి కదమ్మా, ఫ్లెక్సీ మీద వేయిస్తాం, మంచి ఫోటో పంపు" అన్నారు. మధ్యాహ్నం మళ్ళీ చేశారు. ఇంకా పంపలేదు.