గొలుసుకట్టు చెరువుల గేమ్: ఆడించే దాకా వచ్చింది

మొదట అనుకున్నది కాకతీయుల కోట, గుర్రాలు, యుద్ధాలు. ఆఫీసు అయ్యాక హన్మకొండలో ఇంట్లో కూర్చుని ఒక్కడినే చేసేది, అంత పెద్దది ఎప్పటికి తెగాలి? అవన్నీ పక్కనపెట్టి చెరువులు పట్టుకున్నా. ఆటగాడు ఊరి నీరటి, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి. వాన పడి పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. ఏ తూము ఎప్పుడు తీయాలో చూసుకుంటూ ఆయకట్టు పారించాలి, కట్టకు గండి పడొద్దు. రామప్ప, పాకాల, లక్నవరం చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

గోడాట్ 4 అనే గేమ్ ఇంజిన్‌లో చేస్తున్నా. ఆ ఇంజిన్ పూర్తిగా ఉచితం. తెర మీద బొమ్మ గీసే రెండరర్‌ను 'కంపాటిబిలిటీ' పెట్టాను. పాత ఫోన్లకు అదే నయం, బ్రౌజర్‌లో ఆడించాలన్నా అదే కావాలి.

నీళ్లను చుక్కచుక్కగా లెక్కగట్టే సిమ్యులేషన్ జోలికి పోలేదు. ఒక్కో చెరువుకు ఒకే అంకె, నీటిమట్టం. మత్తడి ఎత్తు దాటిన నీళ్లు కాసేపాగి కింది చెరువు లెక్కలో కలుస్తాయి. తెర మీది అలలు, నురగ ఉత్త బొమ్మలే. అసలు మజా ఆ ఆలస్యంలోనే ఉంది: పైన వాన ఆగినా కింద మట్టం పెరుగుతూనే ఉంటుంది, టెన్షన్ అక్కడే.

తెలుగుకు మాత్రం రెండు పనులు తప్పవు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్రాజెక్టులోనే పెట్టాలి, లేకపోతే వెబ్‌లో అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. డైలాగులు టైప్ అవుతున్నట్టు చూపిస్తే 'మత్తడి' ముందు 'మత్' అని వచ్చి, తర్వాత ఒత్తు అతుక్కుంటుంది. గోడాట్‌లో అక్షరాలు చూపించే 'లేబుల్' సెట్టింగుల్లో 'విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్'ను 'క్యారెక్టర్స్ ఆఫ్టర్ షేపింగ్'కు మారిస్తే సరి.

నర్సంపేట నుంచి వచ్చిన పెదనాన్న చేతికి ఫోనిచ్చాను. కాసేపు ఆడి, "మత్తడి దుంకినంక తూము తీసుడేంది బిడ్డా, నాట్లు ఎండుతుంటే?" అన్నాడు. ఇప్పుడు పొలానికి కూడా ఒక మీటర్ ఉంది. వరి ఏ దశలో ఉంటే దానికి తగ్గట్టు దాహం. ఆటకు ఇంతకన్నా మంచి మార్పు నాకైతే తట్టేది కాదు.

సౌండ్లు, చివరి లెవెళ్లు మిగిలాయి. కప్పల అరుపులు భద్రకాళి చెరువు దగ్గర ఫోన్‌లోనే రికార్డు చేస్తా. ముందు వెబ్ వెర్షన్‌ను ఇచ్.ఐఓ అనే గేముల సైటులో పెడతా, అక్కడ ఫీజు లేదు. ప్లే స్టోర్‌లో ఒకేసారి కట్టే 25 డాలర్లు పెద్ద సంగతి కాదు గానీ, కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే గేమ్ అందరికీ వదిలే ముందు 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్టులో చేరి ఉండాలి. మా క్రికెట్ బ్యాచ్‌లో ఐఫోన్ లేనివాళ్లను ఇప్పటినుంచే ఏరుతున్నా.